గుడి లేని పిల్లి

ఫిబ్రవరి 2

అక్కా,

నీ ఉత్తరం అందింది. తెచ్చిన గుడ్ల వ్యాన్ డ్రైవరు మా ఆఫీసు ముందు ఆగి, నేను మెట్లు దిగి వచ్చేదాకా హారన్ మోగిస్తూనే ఉన్నాడు. పక్క గదిలో గుమాస్తా ఫైళ్లు వదిలేసి చెవులు మూసుకున్నాడు. ఆయనకి నువ్వు 'హారన్' అని పేరు పెట్టావంటే పెట్టవూ మరి! మీ కొండ వెనక ఫోను పలకదు కాబట్టి మనకున్న తపాలా శాఖ ఆయనొక్కడే. అందుకని భరిస్తున్నాను.

ఇక అసలు గొడవకి వస్తాను. ఈసారి కూడా నన్ను 'చెల్ల' అనే రాశావు. పలక మీద రాసుకునే రోజుల నుంచీ నీకిది అలవాటు. ల కింద ఒత్తు పడగానే పని అయిపోయిందని చెయ్యి దులిపేసుకుంటావు. దాని నెత్తిన గుడి ఒకటి పెట్టాలన్న ధ్యాసే ఉండదు. గుడి లేకపోతే నేను చెల్లని కాసునే కదా అక్కా! నిరుడు "మీ బావ నెత్తిన బల్ల పడింది" అని రాశావు. నేను ఏడ్చుకుంటూ కట్టుగుడ్డలూ దూదీ కొని పంపాను. తీరా చూస్తే పడింది బల్లి. ఆ దూదిని బావ కోళ్ల షెడ్డు తలుపు సందుల్లో కుక్కారని తెలిశాక ఇంకోసారి ఏడ్చాను.

పని గురించి అడిగావు. "ఎన్ని మూగజీవాలకి నీ చేత్తో ప్రాణం పోస్తున్నావో తల్లీ" అన్నావు. పని బాగానే ఉంది. గది చిన్నది. ఒక స్టీలు బల్ల (బల్లి కాదు), ఒక తూకం, దారిన పోయేవాళ్లకి లోపల కనబడకుండా సగం వరకూ తెల్లరంగు పూసిన కిటికీ, ఎంత కడిగినా చేతుల్ని వదలని సబ్బు వాసన. నా దగ్గరికి వచ్చేవన్నీ నెమ్మదస్తులే. ఒక్కటీ కరవదు, రక్కదు. నా చేతుల గురించి బెంగపెట్టుకోకు.

బావ మోకాలు ఎలా ఉంది? మీ ఇద్దరికీ రోజంతా ఆ కోళ్ల గోల తప్ప ఇంకో గొంతు వినబడదని తలుచుకుంటే నాకు మనసు ఏదోలా అవుతుంది. ఇంట్లో ఒక చిన్నపిల్ల తిరుగుతూ ఉంటే... పోనీలే. ఆ మాట ఇక ఎత్తనని నీకు మాటిచ్చాను.

కాస్త గుడులు కట్టించు, పుణ్యం ఉంటుంది.

నీ చెల్లి
('లి' చూశావా, ఎంత బావుందో!)


ఫిబ్రవరి 6

చెల్లికి అక్క రాయునది,

చూసుకో, నీ నెత్తిన ఎంత గుడి కట్టానో. ఇంకాస్త సిరా పోస్తే గోపురం కూడా లేచేది. ఈ ఒక్క మాట రాయడానికి కలం పట్టుకుని కూర్చున్న తీరు చూసి మీ బావ "ఏం, వీలునామా రాస్తున్నావా?" అన్నారు. ఇక నా రాతకి వంక పెట్టావంటే ఊరుకోను.

ఇక్కడ అందరం క్షేమం. తెల్ల పెట్టలు గుడ్లు తగ్గించాయి, దాణా మార్చాం. మీ బావ మోకాలు రేడియో కంటే నయంగా వాతావరణం చెబుతోంది. నిన్న రేడియో ఎండ అంది, మోకాలు వాన అంది, వానే పడింది. దాంతో ఆయన ఊరికే పొంగిపోతున్నారు. నొప్పి నొప్పే, గొప్ప గొప్పే.

నిన్నొక సలహా అడగాలి. మన షెడ్డు వెనక రెల్లులోంచి ఒక పిల్ల వస్తోంది. బక్కచిక్కి ఎముకల గూడులా ఉంది. మొదట్లో కనబడీ కనబడనట్టు తిరిగేది. మొన్న సాయంత్రం నా కళ్లముందే ఒక పెట్టని పట్టుకుని పారిపోయింది. మీ బావ మోకాలి సంగతే మర్చిపోయి కర్ర పుచ్చుకుని వెంటపడ్డారు. "దొరకనీ, కాళ్లు విరగ్గొట్టి చేతిలో పెడతా!" అని రెల్లు దద్దరిల్లేలా అరిచారు. ఆయన సంగతి నీకు తెలుసుగా, పిల్లకి బిచ్చం పెట్టే మనిషి కాదు.

నాకు మాత్రం జాలేసింది. అది పారిపోతూ ఒక్కసారి ఆగి వెనక్కి తిరిగి నాకేసి చూసింది. ఏం కళ్లే అవి! ఆ చూపు నన్ను వదలడం లేదు. రాత్రి అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొచ్చింది. ఏం చెయ్యమంటావు? చదువుకున్నదానివి, డాక్టరువి. నువ్వెలా చెబితే అలా చేస్తాను.

హారన్ గేటు దగ్గర తొందరపెడుతున్నాడు. ఉంటాను.

అక్క


ఫిబ్రవరి 9

అక్కా,

నా గుడి అదిరింది! ఉత్తరం విప్పగానే నవ్వొచ్చింది. కలకాలం ఇలాగే వెలుగుగాక.

ముందు బావ చేతిలోంచి ఆ కర్ర లాగేసుకో. ఒక్క పెట్ట పోతే ప్రాణం పోయినట్టు అంత కేకలెందుకు? ఆకలికి దొంగతనమని పేరు పెట్టకూడదు. బహుశా మీ కొండ పక్కనున్న రాళ్ల క్వారీ వైపు నుంచి వచ్చి ఉంటుంది. అడిగే దిక్కు లేకే కదా రెల్లులో తలదాచుకుంటోంది!

తిండి పెట్టు. ఒకరోజు పెట్టి ఒకరోజు మానెయ్యడం కాదు, రోజూ పెట్టు. ఒకే వేళకి, ఒకే చోట పెట్టు. ఇవాళ ఉంది, రేపు లేదు అనిపిస్తే మళ్లీ దొంగదారే పడుతుంది. ఇంకో ముఖ్యమైన మాట. వెనక వైపు నుంచి రానివ్వకు. వెనకదారిన వచ్చినంతకాలం అది తన కళ్లకి తానే దొంగ. ముందు వైపు, గేటు దగ్గరికి, దర్జాగా వచ్చేలా చెయ్యి. మనుషుల్ని చూసి, చప్పుళ్లు విని బెదిరిపోకుండా అలవాటు కావాలి. భయం పోయిందంటే సగం మనిషైపోయినట్టే.

బావ గొణిగితే గొణగనీ. ఆయన గొంతు పెద్దదే గాని మనసు మెత్తన. నీకు ఈ సలహా ఇస్తుంటే నాకే ఎంత హాయిగా ఉందో తెలుసా? నా ఉద్యోగంలో ఎవరూ నన్ను 'ఇప్పుడేం చెయ్యాలి' అని అడగరు. 'ఏం జరిగింది' అనే అడుగుతారు.

ఏమైందో వివరంగా రాయి.

నీ గుడి గల చెల్లి


మార్చి 5

చెల్లికి,

ఆలస్యమైంది, తిట్టుకోకు. కొత్త బ్యాచ్ కోళ్లు దిగాయి. వాటికి నీళ్లు తాగడం నేర్పేసరికి నాకు నీళ్లు తాగే తీరిక లేకపోయింది.

నువ్వు చెప్పినది పొల్లుపోకుండా చేశాను. ఒకే వేళ అన్నావు. మన గోడ గడియారం సంగతి తెలుసుగా, దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు నడుస్తుంది. అందుకని హారన్‌నే గడియారం చేసుకున్నాను. రోజూ పొద్దువాలే వేళకి అతను మలుపు తిరుగుతూ హారన్ కొడతాడు కదా, ఆ మోత వినబడగానే గేటు బయట రాయి మీద కోడి కార్జం పెట్టేస్తాను. మొదట్లో హారన్ వినగానే బెదిరి రెల్లులో దూరేది. ఇప్పుడు తారుమారైంది. హారన్ మోగితే చాలు, ఎక్కడున్నా పరుగున వచ్చేస్తుంది. వెనక వైపుకి రావడం పూర్తిగా మానేసింది. నీ దర్జా దానికి బాగానే ఒంటబట్టింది.

మీ బావ మొదటి వారం మొహం తిప్పుకున్నారు. రెండో వారం గేటు తలుపుకి నూనె వేసే మిషతో అక్కడే తచ్చాడారు. నిన్న అది రావడం కాస్త ఆలస్యమైతే "ఏం, ఇవాళ దొరగారు రాలేదా?" అన్నారు. నేను వినబడనట్టు ఊరుకున్నాను. చెబితే మళ్లీ బిగుసుకుంటారు.

మాటామంతీ ఏమీ లేదు. తింటుంది, చూస్తుంది, పోతుంది. నన్ను తాకనివ్వదు. గోళ్లు చూస్తే నాకు గుండె జారుతుంది. ఒళ్లంతా మచ్చలు. అయినా కాస్త కండ పట్టింది. నిన్న రాయికి జానెడు దూరంలో కూర్చున్నా కదలకుండా తినింది. నిజం చెప్పనా, ఎన్నేళ్ల తర్వాతో నేను సాయంత్రం కోసం ఎదురుచూస్తున్నాను. మీ బావతో కూడా అనలేదు, నీతో అంటున్నాను.

ఉంటాను మరి, దాణా మూటలు లోపల వేయించాలి.

అక్క


మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చివరి మాటలు ఇంకోసారి కూడా చదివాను. ఆ గేటు, ఆ రాయి, పక్కనే నువ్వు. అంతా కళ్లకి కట్టింది.

ఈ మధ్య నా పని నాకు నచ్చడం లేదు. ఎందుకో ఎదురుపడ్డప్పుడు చెబుతాను, ఉత్తరంలో వద్దు. నిన్న చాలా చెడ్డరోజు. చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడి, ఆ పిల్ల కడుపునిండా తింటున్నట్టు ఊహించుకున్నాను. అప్పుడు గాని ఇంటికి కదల్లేకపోయాను. లోకంలో ఒక్కచోటైనా ఏదో ఒకటి సరిగ్గా జరుగుతోంది కదా అనుకున్నాను.

తొందరపడకు, తాకాలని చూడకు, అదే నీ ఒళ్లోకి వస్తుంది. మచ్చికయ్యాక మెల్లగా గోళ్లు కత్తిరించు. తలకి నూనె పెట్టి దువ్వు. మచ్చలకి ఒక మందు పంపుతున్నాను, రోజూ రాత్రి రాయి. దానికని ఒక గౌను కూడా కొన్నాను. పువ్వులది, మెత్తటి గుడ్డ. కొలత తెలియదు కాబట్టి కాస్త వదులుగానే తీసుకున్నాను. తర్వాత పలక కూడా పంపుతాను. కానీ దానికి అక్షరాలు మాత్రం నువ్వు నేర్పకు! ఒక ఇంటికి ఒక గుడి దొంగ చాలు.

బావకి నా తరఫున "దొరగారు బాగున్నారా" అని అడుగు.

నీ చెల్లి


ఏప్రిల్ 2

చెల్లికి,

నీ వేళాకోళానికి అంతుండక్కర్లేదూ? గోళ్లు కత్తిరించమంటావా! నా చేతికి వేళ్లు ఉండాలా వద్దా? తలకి నూనె పెట్టి దువ్వాలట! పలక పంపుతుందట! మీ బావకి చదివి వినిపిస్తే మోకాలు పట్టుకుని మరీ నవ్వారు. గౌను విప్పి చూసి "తోక ఎటు నుంచి తియ్యాలంట?" అన్నారు. ఇక నాకూ నవ్వు ఆగలేదు.

నవ్వాక ఆయనే అన్నారు, "మీ చెల్లెలు డాక్టరు, ఊరికే పంపదు. పడుకోవడానికి మెత్తగా ఉండాలని పంపి ఉంటుంది" అని. నాకా ఆలోచనే రాలేదు. దాని పక్క కోసం కొత్త గౌను తగలెయ్యాలా, పాత దుప్పటి పంపితే సరిపోయేది కదా! సరే, వరండాలో బల్ల కింద పరిచాను. ఇది నిజంగా బల్లే, కంగారుపడకు. అక్కడ పాత గుడ్ల అట్టలు గుట్టగా పడి ఉన్నాయి, వాటి వెనక చలిగాలి తగలదు. పడుకుంటోందో లేదో తెలియదు. నేను చూస్తుండగా మాత్రం అటు పోదు.

ఇంకో కబురు. మన దొరసాని తల్ల అయింది! ఆ మధ్య నేను కండ పట్టిందనుకున్నది కండ కాదు. ఇప్పుడు పొట్ట తగ్గింది, ఆకలి రెట్టింపైంది. ఎక్కడ పెట్టిందో మరి, రెల్లులోనే అయి ఉంటుంది. ఒకరోజు వాటిని కూడా వెంటబెట్టుకుని గేటు దగ్గరికి దర్జాగా వస్తుందని చూస్తున్నాను. ఇదంతా నీ చలవే. నువ్వు చెప్పకపోతే మీ బావ కర్రకి ఎప్పుడో బలైపోయేది.

అదిగో, మలుపు దగ్గర హారన్. అదీ రానే వచ్చింది, వరండా పక్కనుంచి తోక నిగడదన్నుకుని గేటు వైపు పరుగు. దానికి పెట్టి, ఈ ఉత్తరం అతనికి ఇస్తాను.

అక్క

చెల్లీ, వ్యాన్ తగిలింది. ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి ఉన్నట్టే ఉంది. గుడ్ల డబ్బాలో పడుకోబెట్టి పంపుతున్నాను. నీ చేతుల్లో పెడుతున్నాను. ఎలాగైనా బతికించు.


ఏప్రిల్ 3

అక్కా,

చెయ్యాల్సిన పని ముందు రాస్తాను. అది చేసి వచ్చి మిగతాది చదువు.

దాని చన్నుల నిండా పాలు ఉన్నాయి. అంటే పిల్లలు ఇంకా కళ్లు తెరిచీ తెరవని పసివి, తల్లి లేకపోతే రెండు మూడు రోజుల కంటే ఆగవు. బావనీ హారన్‌నీ వెంటబెట్టుకుని వెతుకు. పొడిగా, వెచ్చగా, మరుగ్గా ఉన్న చోట్లు చూడు. దొరికితే ఆవుపాలు పట్టకు. మెత్తటి గుడ్డలో చుట్టి, పక్కన వేడినీళ్ల సీసా పెట్టి వెంటనే పంపు. ఇక వెళ్లు.

వెతికి వచ్చావా? అయితే విను.

నా దగ్గరికి వచ్చేసరికే అది పోయింది. దారిలోనే పోయి ఉంటుంది. హారన్ నా గుమ్మంలో ఆ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. "డాక్టరమ్మా, నేను హారన్ కొట్టానమ్మా. కొడితే ఏ జంతువైనా పక్కకి పోతుంది కదా. ఇది ఎదురొచ్చిందమ్మా" అన్నాడు. అదే మాట మళ్లీ మళ్లీ అన్నాడు. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను.

నువ్వు 'బతికించు' అని రాశావు. నేను ఎవరినీ బతికించనక్కా. నాది ఆసుపత్రి కాదు. రెల్లుపిల్లులనే అడవిపిల్లులు చచ్చిపోతే తెచ్చి నా బల్ల మీద పెడతారు. కోసి చూసి ఎలా పోయాయో రాయడం నా ఉద్యోగం. నెమ్మదస్తులు, కరవవు అని నీకు రాశానే, అందుకే కరవవు. నీకు చెబితే అన్నం మానేస్తావని ఇన్నేళ్లూ దాచాను. నువ్వు పెట్టింది ఊరపిల్లికి కాదు, రెల్లుపిల్లికే. చెవుల వెనక తెల్లచుక్క, ఒళ్లంతా మచ్చలు. ఆ రెల్లుల్లో తప్ప ఇంకెక్కడా లేవు, ఉన్నవి కూడా చాలా కొద్ది. కారు తగిలి వస్తాయి. ఉచ్చులో మెడ తెగి వస్తాయి. కుక్కలు చీల్చినవి, ఎలుకల మందు తిన్న ఎలుకని తిన్నవి, చేపల వలలో చిక్కి ఊపిరాడనివి, అన్నీ వస్తాయి. ముసలితనంతో పోయినదాన్ని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. ఫిబ్రవరిలో నువ్వు నన్ను అడిగింది పిల్లి గురించి. నేను చదివింది పిల్ల అని. ఎవరో దిక్కులేని ఆడపిల్ల మీ కోళ్లు ఎత్తుకుపోతోందనుకున్నాను. నా పేరు మీద అంత గుడి కట్టావు కదా, ఇక నీ రాత బాగుపడిందని నమ్మాను. పిల్లికి బిచ్చం పెట్టడని లోకమంతా అనే సామెతలో కూడా గుడి ఎగిరిపోయి ఉంటే, అదీ ఆ పిల్ల మీదే అన్నావనుకున్నాను. గౌను వేళాకోళానికి పంపలేదక్కా. నిజంగానే దుకాణంలో నిలబడి ఏ పువ్వులు బావుంటాయా అని చూశాను.

పిల్లి అని తెలిసి ఉంటే సరిగ్గా దానికి తలకిందులుగా చెప్పేదాన్ని. షెడ్డుకి గట్టి వల కట్టించుకోండి, దానికి ఏమీ పెట్టకండి, కనబడితే తరమండి అనేదాన్ని. బావ ఆరోజు చేసిందే సరైన పని. మనుషులంటే భయమే దాని ప్రాణానికి కాపలా. ఆ కాపలాని నేనే మాన్పించాను. రోడ్డు మీదికి నేనే రప్పించాను.

నీ మీద తప్పేమీ లేదు. గుడి మీద కూడా లేదు. నీ ఇంట్లో ఒక పిల్ల తిరగాలని నాకు ఆశ. ఆ ఆశతో చదివాను. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు చదివాను.

వెతుకు అక్కా.

చెల్లి


ఏప్రిల్ 5

చెల్లకి,

గుడులు నువ్వే పెట్టుకో, నాకు ఓపిక లేదు.

నీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. నాకు చాలా కోపం వచ్చింది. పిల్ల పోయినందుకు ఏడుపొచ్చింది, అది వేరు. కోపం మాత్రం నీ మీద. ఇన్నేళ్లూ చచ్చినవాటి మధ్య ఒక్కదానివీ కూర్చుని, నాకు 'పని బాగానే ఉంది' అని రాస్తావా? ఏ రోజు ఏది చూసి ఇంటికి వెళ్లావో, తిన్నావో లేదో, అడిగేవాళ్లు ఉన్నారో లేదో. నేను అన్నం మానేస్తే మానేసేదాన్ని. అక్కనన్నాక ఆపాటి పస్తు ఉండలేనా?

ఇంకో మాట. పిల్ల కావాలని నీకు ఆశ అన్నావు. నాకు లేదనుకున్నావా? నువ్వు దాన్ని పిల్ల, పిల్ల అని రాస్తుంటే ముద్దుకి అంటున్నావనుకున్నాను. చదివినప్పుడల్లా నాకు ఆ మాట బావుండేది. అందుకే ఇదేమిటని నిన్ను అడగలేదు. కాబట్టి తప్పు నీ ఒక్కదాని నెత్తినే వేసుకోకు. నాకూ వాటా ఉంది.

ఇక విను. ముగ్గురం రెల్లంతా వెతికాం. మీ బావ మోకాలి లోతు బురదలో దిగారు. నేను వద్దన్నాను. వినలేదు. హారన్ గుడ్లు ఎక్కించడం మానేసి పొద్దుగూకేదాకా మాతోనే ఉన్నాడు. ఎక్కడా లేవు. చివరికి మీ బావ వచ్చి వరండాలో కుర్చీలో కూలబడ్డారు. మామూలుగా ఆ వేళకి హారన్ మోగుతూ ఉంటుంది కదా, ఇవాళ మోగించేవాడు మా పక్కనే తలవంచుకుని కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఏదో సన్నగా వినిపించింది. మీ బావ నాకేసి చూశారు. నేను ఆయనకేసి చూశాను.

బల్ల కిందే. ఆయన రోజూ కాళ్లు చాపుకుని టీ తాగే బల్ల కిందే! గుడ్ల అట్టల వెనక, నీ పువ్వుల గౌను మీద. రెల్లులోంచి మోసుకొచ్చి ఎప్పుడు పెట్టిందో మాకు తెలియనే తెలియదు. ఆ అట్టలు తియ్యమని నేను ఏడాదిగా పోరుతున్నాను. తియ్యకపోవడమే మంచిదైంది. ఈ మాట ఆయనతో అనకు, నెత్తికెక్కుతారు.

మూడు ఉన్నాయి. ఒకటి అప్పటికే చల్లబడిపోయింది. దాన్ని మీ బావ రెల్లు మొదట్లో పాతిపెట్టారు. మిగతా రెండూ గౌనుతో సహా డబ్బాలో పంపుతున్నాను. నిన్ను ఈసారి ఏమీ అడగను. నీకు చేతనైనది చెయ్యి.

హారన్ డబ్బా పక్క సీట్లో పెట్టుకుని, ఒక చెయ్యి దాని మీదే వేసి బయల్దేరుతున్నాడు.

అక్క


ఏప్రిల్ 7

అక్కా,

నిన్న మా వీధిలోకి గుడ్ల వ్యాన్ వచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. కిటికీ అద్దం మీద ఎవరో వేలితో కొడుతుంటే చూశాను. హారన్! దారి పొడుగునా ఒక్కసారి కూడా మోగించలేదట. "మలుపుల్లో తల బయట పెట్టి చూసుకుంటూ వచ్చానమ్మా" అన్నాడు.

రెండూ బతికే ఉన్నాయి. పక్క ఊళ్లో నిజమైన ఆసుపత్రి ఉంది, నిజమైన డాక్టరు ఉన్నాడు. కబురు పెడితే రాత్రే వచ్చాడు. గండం గడిచినట్టేనని పొద్దున అన్నాడు. అతను వచ్చేదాకా వాటిని నా స్టీలు బల్ల మీదే, గౌను పరిచి ఉంచాను. చిన్నది పాకుతూ బల్ల అంచుదాకా వచ్చింది. నేను చప్పున చెయ్యి అడ్డం పెట్టాను. ఈ బల్ల దగ్గర ఇన్నేళ్లు పనిచేశాను గాని, దాని మీంచి ఏదైనా కిందపడుతుందేమో అని భయపడటం ఇదే మొదటిసారి. పెద్దది నా బొటనవేలు కొరికింది. రక్తం వచ్చింది. కట్టు కట్టుకోకుండా కాసేపు అలాగే చూసుకుంటూ కూర్చున్నాను.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఇక దాచను. వచ్చేవారం నుంచి నా బల్ల మీదికి ఏది వచ్చినా నీకు రాస్తాను. పస్తులుండకుండా చదవాలి, అదొక్కటే షరతు.

డబ్బా మూత దాచుకున్నాను. దాని మీద నీ రాతతో "పిల్ల పిల్లలు, జాగ్రత్త" అని ఉంది. మొదటి 'పిల్ల' నెత్తిన ఎవరో ఎర్రసిరాతో గుడి పెట్టారు. గుడ్ల మీద ముద్ర వేసే సిరా అది. గుడి కాస్త వంకరగా ఉంది. బావని అడిగితే ఒప్పుకోరు, అడగకు.

ఇప్పుడు ఒక సలహా చెబుతాను. ఈసారి తప్పు చదవకుండా పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. ఇవి పెరిగాక, సొంతంగా వేటాడటం వచ్చాక, వాటిని మీ రెల్లులోనే వదులుతాం. ఆలోగా షెడ్డుకి మంచి వల కట్టించండి. ఏదో ఒక సాయంత్రం వీటిలో ఒకటి మీ షెడ్డు వెనక్కి వస్తుంది. ఆగి నీకేసి చూస్తుంది. అచ్చం తల్లి కళ్లే వీటికీ. నీ మనసు ఆగదు, నాకు తెలుసు. అయినా ఏమీ పెట్టకు. లోపలికి వెళ్లి తలుపు వేసుకో.

బావని కర్ర తీసుకుని బయటికి రమ్మను. కాళ్లు విరగ్గొట్టి చేతిలో పెడతానని, రెల్లు దద్దరిల్లేలా అరవమను.

నీ చెల్లి